నది లేని ఊళ్ళో నీటి జాడ

చలికాలం వచ్చిందంటే మన బహ్రెయిన్ తెలుగు కుటుంబాలకు చుట్టాల కాలం వచ్చినట్టే. నవంబరు మొదలు మార్చి దాకా ప్రతి ఇంట్లోనూ విజిట్ వీసా మీద వచ్చిన ఒక అమ్మమ్మగారో, తాతగారో, కనీసం ఒక బావమరిదో ఉంటారు. వారితోబాటు ఆవకాయ, అప్పడాలు, సున్నుండలు దిగుతాయి. రెండు రోజులు ఆ సంబరం సరిపోతుంది. మూడో రోజున మొదలవుతుంది అసలు ప్రశ్న: వీళ్ళకి ఈ ఊళ్ళో ఏం చూపించాలి?

ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ వెళ్ళి స్థిరపడిన మా మిత్రులకు ఈ బాధ లేదు. ఊరి మధ్య నది మెలికలు తిరుగుతూ పారుతుంది. వచ్చినవాళ్ళని ఫెర్రీ ఎక్కించి అటునించి ఇటు తిప్పితే సగం ఊరు చూపించినట్టే. లండను వాళ్ళకి థేమ్సు ఉంది. రాజమండ్రి వాళ్ళయితే పుష్కరాల రేవులో కూర్చోబెడితే చాలు. మనకి నది లేదు, కాలవ లేదు, చెప్పుకోదగ్గ వాన కూడా లేదు. అందుకని మనం చేసే పని అందరికీ తెలిసిందే. ఒక రోజు మాలు, ఒక రోజు మనామా బజారులో బంగారం కొట్లు, ఒక సాయంత్రం సౌదీ వంతెన మీద సగం దూరం వెళ్ళి వెనక్కి రావడం. ఆ తర్వాత పెద్దవాళ్ళు టీవీ ముందు, మనం డ్యూటీలో.

ఎనిమిదేళ్ళుగా మేమూ అంతే చేస్తూ వచ్చాం. పోయిన డిసెంబరులో మా నాన్నగారు, అమ్మ వచ్చేదాకా.

నాన్నగారు ధవళేశ్వరంలో నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. కాటను దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట కథ ఆయన ఇంట్లో పురాణం చెప్పినట్టు చెబుతారు. వచ్చిన నాలుగోనాడు వంటింట్లో కుళాయి తిప్పి, దోసిట్లోకి నీళ్ళు పట్టి చూసి, అడిగారు:

"ఏమర్రా, ఈ ఊళ్ళో నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి?"

"గవర్నమెంటు ఇస్తుంది నాన్నగారూ" అన్నాం.

"ఇచ్చేది గవర్నమెంటే. అది ఎక్కణ్ణించి తెస్తోందని అడుగుతున్నాను."

మాకు తెలియదు. మేమిద్దరం డాక్టర్లం, కాకినాడలో చదివినవాళ్ళం. ఎనిమిదేళ్ళుగా ఈ నీళ్ళే తాగుతున్నాం. "నీళ్ళు బాగా తాగండి" అని రోజుకి ఇరవై మంది రోగులకి చెబుతున్నాం. అవి ఎక్కడివో ఒక్కనాడూ ఆలోచించలేదు. సిగ్గేసింది. నాలుగు పుస్తకాలు తిరగేసి, నలుగురిని అడిగి, నాన్నగారికి జవాబు చూపించడానికి బయలుదేరాం. అలా తిరిగిన రెండు రోజుల సంగతే ఈ వ్యాసం. చుట్టాలు వచ్చినప్పుడు మీకూ పనికొస్తుందని రాస్తున్నాం.

ముందు జవాబు

బహ్రెయిన్‌లో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు మూడంగుళాలు. మన గోదావరి జిల్లాల్లో ఒక్క ముసురుకే అంత పడుతుంది. అయినా ఈ ద్వీపం ఉత్తర భాగంలో వేల ఏళ్ళుగా ఖర్జూరపు తోటలు, కూరగాయల మళ్ళు పెరిగాయి. కారణం భూమి కింద ఉంది. ఎప్పుడో ప్రాచీన కాలంలో అరేబియా తూర్పు భాగంలో పడిన వాన సున్నపురాయి పొరల్లోకి ఇంకి, తూర్పుగా సముద్రపు అడుగునుంచి పారుతూ వచ్చి, ఇక్కడ రాతి చీలికల్లోంచి ఒత్తిడితో పైకి తన్నేది. ఆ ఊటలను అరబ్బీలో "ఐన్" అంటారు. కొన్ని నేల మీద, కొన్ని సముద్రంలోనే. "బహ్రెయిన్" అంటే రెండు సముద్రాలు. ఒకటి ఉప్పుది, ఇంకొకటి తియ్యటిది అని ఇక్కడివారు చెప్పుకుంటారు.

ఇది విని నాన్నగారు "అయితే నది ఉందన్నమాట. కిందనించి పారుతోంది, అంతే" అన్నారు.

ఉండేది అనాలి. 1925లో ఫ్రాంక్ హోమ్స్ అనే న్యూజిలాండు దేశస్థుడు ఇక్కడ నీటికోసం గొట్టపు బావులు తవ్వాడు. నీళ్ళు పడ్డాయి. ఆ మెప్పుతోనే ఆయనకు చమురు వెతికే హక్కు దక్కింది. 1932లో చమురు పడింది. తర్వాత జనం పెరిగారు, పంపులు పెరిగాయి. భూగర్భంలో ఒత్తిడి తగ్గింది, ఊటలు ఒక్కొక్కటే ఎండిపోయాయి, వాటి చోట ఉప్పునీరు చొరబడింది. 1975లో సిత్రాలో సముద్రపు నీటినుంచి ఉప్పు తీసే కర్మాగారం పనిచేయడం మొదలుపెట్టింది. 1984లో రాస్ అబు జర్జూర్ దగ్గర ఉప్పుబారిన భూగర్భజలాన్ని శుద్ధిచేసేది వచ్చింది. ఆపైన మరికొన్ని. ఇవాళ మన కుళాయిలో వచ్చేదాంట్లో అత్యధిక భాగం ఇలా ఉప్పు తీసిన సముద్రపు నీరే. అంటే మన గ్లాసెడు మంచినీళ్ళ వెనక ఇంత ఇంధనం ఖర్చు ఉంది. పిల్లలు పళ్ళు తోముకుంటూ కుళాయి వదిలేస్తే ఈ మాట చెప్పండి.

మొదటి రోజు: బార్బార్, కోట

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి బుదయ్యా రోడ్డు మీదుగా బార్బార్ వెళ్ళాం. మనామా నుంచి అరగంట కూడా పట్టదు. పైకి చూస్తే రాళ్ళ గుట్ట. డెన్మార్కు పురాతత్త్వవేత్తలు 1954లో తవ్వడం మొదలుపెట్టగా, ఒకదాని మీద ఒకటిగా కట్టిన మూడు గుళ్ళు బయటపడ్డాయి. నాలుగు వేల ఏళ్ళ పైమాట. ప్రక్కన మెట్లు దిగి వెళ్ళే రాతి కట్టడం ఉంది. దాని అడుగున ఊట ఉండేది. ఈ గుడి ఎన్కి అనే దేవుడిదని పండితుల ఊహ. ఎన్కి సుమేరియన్లకు మంచినీటి అధిదేవత. బహ్రెయిన్‌ను వాళ్ళు దిల్మున్ అనేవారు. దిల్మున్‌లో తాగడానికి నీళ్ళు లేకపోతే ఎన్కి భూమిలోంచి తియ్యటి నీళ్ళు పుట్టించాడని వారి పురాణగాథ.

మెట్ల దగ్గర నిలబడి అమ్మ "ఇది కోనేరే కదర్రా" అంది. అంతకన్న మంచి వివరణ మాకు ఏ పుస్తకంలోనూ కనపడలేదు.

ఈ గుడిలో దొరికిన రాగి ఎద్దు తల మనామాలో జాతీయ మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియం 1988లో తెరిచారు. ఎండ ఎక్కువగా ఉన్న మధ్యాహ్నం అక్కడికి వెళితే చల్లగానూ ఉంటుంది, ఉదయం చూసినదంతా అర్థమూ అవుతుంది.

బార్బార్ నుంచి కారులో కాసేపట్లో బహ్రెయిన్ కోట. అరబ్బీలో కల్అత్ అల్ బహ్రెయిన్. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పోర్చుగీసువారి నాటి కోట పైన కనిపిస్తుంది కాని, అది నిలబడిన దిబ్బ అంతా ఊళ్ళ మీద ఊళ్ళు పేరుకుని ఏర్పడినదే. అడుగు పొర క్రీస్తుకు పూర్వం 2300 నాటిది. మన పిల్లలకు తప్పక చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఇక్కడ దొరికిన తూనికరాళ్ళలో సింధు నాగరికత కొలతలకు సరిపోయేవి ఉన్నాయి. మనం నౌకరీకి రావడానికి నాలుగు వేల ఏళ్ళ ముందే మన కొలతలు ఇక్కడ వ్యాపారం చేశాయి.

ఇంకో వింత. ఇక్కడి పాత భవనం నేల కింద మట్టి గిన్నెల్లో పెట్టి పాతిన పాముల అస్థిపంజరాలు దొరికాయి. కొన్ని గిన్నెల్లో పాముతోబాటు ఒక నీలిరంగు పూస, ఒకదాంట్లో చిన్న ముత్యం. సుమేరియన్ల వీరుడు గిల్గమేష్ కాళ్ళకు రాళ్ళు కట్టుకుని నీటి అడుగుకు దిగి చావు లేకుండా చేసే మొక్కను తెస్తే, దాన్ని పాము తినేసిందట. ఆ కథకూ ఈ పాములకూ సంబంధం ఉండవచ్చునని తవ్వినవారు అన్నారు. అమ్మకి ఈ కథ అక్కరలేకపోయింది. నాగులచవితి చేసినవాళ్ళు ఇక్కడా ఉండేవారని నిశ్చయించేసుకుంది.

కోట ప్రక్కనే సముద్రం. పిల్లలు పరుగెత్తారు. నాన్నగారు నెమ్మదిగా వెళ్ళి ఒక రాయి మీద కూర్చుని, నీళ్ళలో కాళ్ళు పెడదామని బూట్లు, మేజోళ్ళు విప్పారు. మేము కాఫీ ఫ్లాస్కుతో వెనకాల వెళ్ళాం. కుడికాలి మేజోడుకు పసుపురంగు మరక కనిపించింది.

బొటనవేలి కింద అరికాల్లో రూపాయి బిళ్ళంత పుండు. చుట్టూ చర్మం గట్టిపడి ఉంది. కనీసం నెల రోజులనాటిది.

"నొప్పి లేదర్రా, చెప్పులో ఏదో గుచ్చుకుని ఉంటుంది" అన్నారు.

నొప్పి లేకపోవడమే జబ్బు. పదిహేనేళ్ళుగా ఆయనకు షుగరు ఉంది. నరాలు మొద్దుబారితే మేకు దిగినా తెలియదు. మేము ఆస్పత్రిలో రోజూ ఎందరి పాదాలో చూస్తాం. బూట్లు విప్పమంటాం, వేళ్ళ సందులు చూస్తాం, దూదితో తాకి "తెలుస్తోందా" అని అడుగుతాం. ఆయన మా ఇంటికి వచ్చి తొమ్మిది రోజులయింది. వచ్చిన పూట కాళ్ళకు దణ్ణం పెట్టాం. చూడలేదు.

ప్రతి శుక్రవారం ఫోను చేసేవాళ్ళం. "షుగరు ఎలా ఉంది నాన్నగారూ?" అంటే "బ్రహ్మాండం" అనేవారు. నమ్మేవాళ్ళం. నెల నెలా డబ్బు తప్పకుండా పంపేవాళ్ళం కనక అంతా చూసుకుంటున్నట్టే అనుకునేవాళ్ళం.

సముద్రంలో కాలు పెట్టనివ్వలేదు. సీసాలో నీళ్ళతో కడిగి, శుభ్రమైన రుమాలు చుట్టి, కారెక్కించాం. ఎక్స్‌రే తీస్తే ఎముకకు పాకలేదు. అది మా అదృష్టం, మా గొప్ప కాదు. ఇన్సులిన్, డ్రెస్సింగు, కాలు మోపకుండా విశ్రాంతి. వీసా పొడిగించాం. రెండో రోజు చూడవలసినవి ఆరు వారాలు వెనక్కి వెళ్ళాయి.

అధారి

ఈ మధ్యలో ఒకనాడు మాతో పనిచేసే పెద్ద వయసు బహ్రెయినీ నర్సుగారితో ఈ సంగతి చెప్పుకున్నాం. ఆమె నవ్వి "మీరు అధారి అయ్యారన్నమాట" అన్నారు.

అధారి అనేది మనామాకు దగ్గరలోనే ఉన్న పేరుమోసిన ఊట. దాని నీళ్ళు కాలవల వెంట దూరపు తోటలకు పారేవి. ప్రక్కనున్న నేల మాత్రం ఎండగా ఉండేది. అందుకని "అధారి దూరాన్ని తడుపుతుంది, దగ్గరిని వదిలేస్తుంది" అని ఇక్కడ సామెత పుట్టింది. పరాయివాళ్ళకు పెట్టి ఇంట్లోవాళ్ళని మరిచేవారిని ఈ మాటతో దెప్పుతారు. చిన్నతనంలో ఆ నీళ్ళలో ఈదేవాళ్ళమని ఆమె చెప్పారు.

ఇంటికి వచ్చి నాన్నగారికి ఈ సామెత చెప్పాం. మాకు తగిలిన దెబ్బ ఆయనకు తగలలేదు. ఇంజనీరింగు శాఖ మనిషి కదా, "దగ్గరి నేల మెరకగా ఉండి ఉంటుంది. నీరు పల్లమెరుగు. ఊట తప్పేముంది?" అన్నారు. కాసేపాగి "మెరక మీదికి నీళ్ళు ఎక్కించాలంటే ఎవరో ఒకరు పూనుకుని తోడాలి" అని కూడా అన్నారు.

అధారిలో ఇవాళ సహజమైన ఊట లేదు. చుట్టూ పిల్లల వినోదాల పార్కు ఉంది, 2008లో కొత్తగా తెరిచారు. పిల్లలు ఊయలలు ఎక్కుతుంటే పెద్దలు కొలను గట్టున కూర్చోవచ్చు. ఈ సామెత పిల్లలకు అక్కడ చెబితే మరిచిపోరు.

రెండవ రోజు: దక్షిణానికి, తర్వాత ముహర్రక్

ఫిబ్రవరిలో, పుండు మానాక, మెత్తటి ప్రత్యేకమైన చెప్పులు తొడిగి నాన్నగారిని మళ్ళీ బయలుదేరదీశాం.

మొదట ఆలి ఊరు. ఇళ్ళ మధ్యలోనే ఏనుగుల్లాంటి మట్టి దిబ్బలు. అవి దిల్మున్ నాటి సమాధులు, క్రీస్తుకు పూర్వం 2200 నుంచి 1750 దాకా కట్టినవి. ద్వీపంలో రక్షిత స్థలాలలో ఉన్నవి 11,774. 2019లో ఇవీ యునెస్కో జాబితాలో చేరాయి. ఇదే ఊళ్ళో కుమ్మరులు ఇప్పటికీ సారె మీద కుండలు చేస్తారు. అమ్మ ఒక కూజా కొంది.

అక్కణ్ణించి జెబెల్ దుఖాన్. పేరుకు పర్వతం గాని ఎత్తు 134 మీటర్లు. అన్నవరం కొండ ఎక్కినవాళ్ళకు ఇది లెక్కలోకి రాదు. దీని పాదం దగ్గరే 1932లో చమురు పడిన మొదటి బావి, దాని ప్రక్కన మ్యూజియం ఉన్నాయి. అరేబియా వైపు తీరంలో చమురు దొరికిన మొదటి చోటు ఇదే. మనందరి ఉద్యోగాలకూ మూలం ఆ గొట్టమేనని పిల్లలకు చూపించాం.

ఆ తర్వాత ఎడారిలో ఒంటరిగా నిలబడ్డ చెట్టు, "జీవవృక్షం" అని అందరూ చెప్పుకునేది. నాలుగు వందల ఏళ్ళ పైబడిన వయసు. చుట్టూ ఎక్కడా నీటి చుక్క కనిపించదు. వేళ్ళు ఎంతో లోతుకు పోయి తేమను పట్టుకుంటాయంటారు. మేము ఎనిమిదేళ్ళలో మూడుసార్లు అక్కడ ఫోటోలు తీయించుకున్నాం. అది ఏ చెట్టో చూడలేదు. అమ్మ కారు దిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని కొమ్మలకేసి చూసి, "ఇది జమ్మిచెట్టు కదర్రా!" అంది.

నిజమే. పుస్తకంలో చూశాం. శాస్త్రీయనామం ప్రోసోపిస్ సినరేరియా. అరబ్బీలో ఘాఫ్, మనకు జమ్మి. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు, తెలంగాణ రాష్ట్ర వృక్షం. ఏటా దసరాకి మన సంఘం హాలులో అట్టతో జమ్మిచెట్టు చేసి కాగితాలు అంటిస్తున్నామే, అసలు చెట్టు గంటలోపు ప్రయాణంలో ఉంది! అమ్మ దూరంనుంచే దణ్ణం పెట్టుకుని నోటికొచ్చిన శ్లోకం చదువుకుంది. ఒక మనవి: ఆకు కోయకండి. అది ఈ దేశం కాపాడుకుంటున్న చెట్టు. దణ్ణం చాలు.

సాయంత్రం ముహర్రక్. అక్కడ ముత్యాల వ్యాపారపు పాత ఇళ్ళను కలుపుతూ మూడున్నర కిలోమీటర్ల నడకదారి ఉంది. 2012లో ప్రపంచ వారసత్వ స్థలమయింది. నాన్నగారు అంత నడవకూడదు కనక చక్రాల కుర్చీ తీసుకువెళ్ళాం. మొదట ఒప్పుకోలేదు. మనవడు తోస్తానంటే ఎక్కారు.

మన హైదరాబాదు కొట్లలో "బస్రా ముత్యాలు" అనేవి ఈ గల్ఫు నీటిలో పుట్టినవే. ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి కట్టుకుని, ఊపిరి బిగబట్టి వేసవి నెలల్లో రోజంతా మునిగేవారు. కర్ణభేరులు చిరిగేవి, కళ్ళు పాడయ్యేవి. పడవ యజమాని దగ్గర తెచ్చిన అప్పు తీరక, తండ్రి బాకీ కొడుకు మునిగి తీర్చేవాడు. 1929 తర్వాత ప్రపంచమంతా మాంద్యం రావడం, జపానువారి పెంపకపు ముత్యాలు బజారులోకి రావడంతో ఆ వ్యాపారం కుప్పకూలింది. ఏజెంటుకు అప్పుచేసి వచ్చి ఇక్కడ ఎండలో పనిచేస్తున్న మన కూలీ సోదరులను చూసినప్పుడు ఆ మునకవాళ్ళు మాకు గుర్తొస్తారు.

అన్నిటికన్న నాన్నగారికి నచ్చిన సంగతి వేరు. నెలల తరబడి సముద్రం మీద ఉండే ఆ పడవలకు మంచినీళ్ళు ఎలా? తోలు తిత్తి పట్టుకుని మునిగి, సముద్రపు అడుగున తియ్యటి ఊట తన్నే చోట మూతి తెరిచి నింపుకుని పైకి వచ్చేవారు. ఈ మాట విని ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఉప్పునీళ్ళ అడుక్కి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చుకున్నారన్నమాట" అన్నారు.

ఇంకొక పూట మిగిలితే

మనామా బజారుకు ముఖద్వారమైన బాబ్ అల్ బహ్రెయిన్ 1949లో కట్టారు. అప్పట్లో దాని ఎదుటిదాకా సముద్రం ఉండేది. ఇప్పుడున్న రోడ్లు, బ్యాంకులు అన్నీ పూడ్చిన నేల మీదివి. లోపల సందుల్లో, సింధు దేశపు థట్టా నుంచి వచ్చిన వర్తకులు కట్టిన శ్రీనాథ్‌జీ గుడి ఉంది, రెండు వందల ఏళ్ళ పైబడినది. 1965లో దీనారు వచ్చేదాకా ఈ బజారులో చెల్లింది రూపాయే. ఆ మాట చెబితే తాతగార్లు చాలా సంతోషిస్తారు.

కొన్ని సూచనలు

నవంబరు నుంచి మార్చి దాకా తిరగడానికి అనువైన కాలం. మే నుంచి సెప్టెంబరు దాకా పెద్దవాళ్ళను పగటిపూట బయట తిప్పవద్దు. ఉదయం పదకొండులోపు బయటి చోట్లు, మధ్యాహ్నం మ్యూజియం, నాలుగు తర్వాత సముద్రపు ఒడ్డు పెట్టుకోండి. మ్యూజియముల సెలవులు, వేళలు ముందుగా కనుక్కోండి.

మనిషికి కనీసం లీటరు నీళ్ళు కారులో ఉంచండి. దాహం వేయలేదని పెద్దవాళ్ళు అంటే నమ్మవద్దు. వయసుతో దాహం తెలియడం తగ్గుతుంది. బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవారి విషయంలో మరీ జాగ్రత్త. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత తాగాలో వారి డాక్టరును అడగండి. షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా ఇసుకలో నడవకూడదు. వారి జేబులో నాలుగు బిస్కట్లు ఉండాలి.

ఇక చివరి సూచన. మీ ఇంటికి పెద్దలు దిగిన రోజునే, సున్నుండల డబ్బా విప్పకముందే, వారి మేజోళ్ళు విప్పించండి. అరికాళ్ళు, వేళ్ళ సందులు దీపం వెలుతురులో చూడండి. దీనికి డాక్టరు అక్కరలేదు, మన పిల్లలయినా చూడగలరు. ఇంటి దగ్గర ఉన్నవారికి ఫోను చేసినప్పుడు "ఎలా ఉన్నారు" అని ఊరుకోక, "ఇవాళ కాళ్ళు ఎవరు చూశారు" అని అడగండి.

మార్చి నెలాఖరులో నాన్నగారూ అమ్మా తిరిగి వెళ్ళారు. ఇప్పుడు మా తమ్ముడి భార్య రోజూ రాత్రి ఆయన పాదం ఫోటో తీసి పంపిస్తోంది. నిన్నటిదాకా బాగానే ఉంది.

రాబోయే చలికాలంలో, ఇళ్ళకు పెద్దలు వచ్చిన సమయంలో, మన సంఘం తరఫున ఒక శుక్రవారం బస్సు మాట్లాడుకుని బార్బార్, కోట, జమ్మిచెట్టు చూసి వద్దామని మా కోరిక. పులిహోర, దద్ధ్యోజనం తలా ఒక ఇంటివారు తెస్తే సరిపోతుంది. రాదలచినవారు కార్యవర్గ సభ్యులకు పేర్లు ఇవ్వవలసిందిగా మనవి. ప్రథమ చికిత్స పెట్టె, రెండు చక్రాల కుర్చీలు మేము తెస్తాం.